లోహశేషము – సంఘధర్మము

(మన సంఘ వార్షిక మహాసభ రెండవదినమున గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నాకు జాబు వ్రాసినప్పుడు, అలవాటు చొప్పున విద్యావ్యాప్తిని గూర్చియో, వంశచరిత్రమును గూర్చియో నేను ప్రసంగింతునని వారు తలచియుందురు. ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలయందు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవాడను. శబ్దమంజరియు, అమరమును దప్ప తక్కిన శాస్త్రములయందు నాకు గల పరిచయము స్వల్పము. అట్టి నేను కంప్యూటరులు, సెల్‌ఫోనులు, బ్యాటరీలు మొదలగువాని చెత్తను గూర్చి మాటలాడ బూనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కాని యీ విషయమును నేను ఏరికోరి తెచ్చుకొనలేదు. అదియే నా వీధిలోనికి, నా శిష్యుని యింటిలోనికి వచ్చినది. ఆ కథను మొదట మనవిచేసి, పిమ్మట మన సంఘము చేయదగిన పనిని విన్నవించెదను. సభ్యులు ఓపికతో ఆలకింప బ్రార్థించుచున్నాను.

నాయొద్ద చదువుకొన్న స్వర్ణకారుల పిల్లవాడొకడు గలడు. పేరు చెప్పను. తండ్రి కుంపటి ప్రక్కన గూర్చుండి, పదునారవయేటనే కమ్మచ్చున సన్నని తీగెలు దీయ నేర్చిన చేతిపనివాడు. పెండ్లినగలు చేయించుకొనువారు వాని గడపకు వచ్చుచుండెడివారు. క్రమముగా యంత్రములపై తయారైన నగలు పెద్ద అంగళ్ళలో నిండెను. వాని గడపకు వచ్చువారు తగ్గిరి. తెగిన గొలుసు లతుకుట, చెవిపోగుల మరలు బిగించుట తప్ప వేరుపని లేకపోయెను. ఆ స్థితిలో నెవరో వానికి, కంప్యూటరు పలకలలో బంగారము గలదనియు, తీయ నేర్చినవానికి కొదువ యుండదనియు జెప్పిరి. అంతట వాడు పాతసామానుల యంగడిలో కిలోలెక్కన ఆ పలకలను కొని తెచ్చి, పెరటిలో ద్రావకము కాచి, బంగారము దీయ నారంభించెను.

కొన్ని మాసములకు గురుపూర్ణిమనాడు మా యింటికి వచ్చి, గురివెందగింజకన్న నొకింత పెద్దదియైన బంగారుపూసను తమలపాకులో బెట్టి నాచేతికిచ్చి, పాదములకు మ్రొక్కెను. "మాస్టారూ! ఇది చెత్తలోనుంచి తీసిన బంగారమండీ" యని నవ్వెను. నేను మిక్కిలి సంతసించితిని. కులవిద్య వ్యర్థము కాలేదని దీవించితిని. ఎట్లు తీసితివని యడుగలేదు. మాటమాటకును వాడు దగ్గుచుండుట వింటిని గాని, దగ్గెందులకని యడుగలేదు.

మరుసటి వర్షాకాలమున, వాన పెరటిలో నిలువనీయకుండుటచే, వాడు ద్రావకపుపాత్రలను వంటయింటి ప్రక్కగదిలోనికి దెచ్చి తలుపులు మూసి కాచెను. పాత్రనుండి గోధుమవన్నె పొగ లేచినది. వాడు కొంచెము దగ్గి, నీరు త్రాగి, రాత్రి భోజనము చేసి పండుకొనెను. తెల్లవారుజామున నూపిరాడక లేచెను. నత్రికామ్లపు పొగ గుణమట్టిదని వైద్యులు పిమ్మట జెప్పిరి. పీల్చిన వెంటనే పెద్దబాధ చూపదు. కొన్ని గంటలు గడచిన పిదప ఊపిరితిత్తులు నీరుపట్టును. మూడువారములు ఆసుపత్రిలో నుండి వాడు బ్రతికెను. కాని నేటికిని పదిమెట్లెక్కినచో నడుమ నాగి శ్వాస దీసికొనవలసినదే. ఊదుగొట్టమును నోటబెట్టుటకు వానికి ఊపిరి చాలదు. ఊదుగొట్ట మూదలేని స్వర్ణకారుని బ్రతు కెట్టిదో ఈ సభలో నేను వేరుగ చెప్పనక్కరలేదు.

నేను చూడబోయినప్పుడు వాని యిల్లాలు గుమ్మమున నిలిచి, "మీకు తెలుసు గదా మాస్టారూ, మీరైనా వద్దని చెప్పలేదేమండీ?" యని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. నేటి యీ ప్రసంగము ఆమె ప్రశ్నకు నేను చెప్పుకొను సమాధానము.

ఈ చెత్త యెట్టిది?

మహాశయులారా! ఈ-వేస్టు అని లోకమున వాడుకలోనికి వచ్చిన ఈ వస్తువును నేను విద్యుత్పరికరశేషమని పిలుచుచున్నాను. పనిచేయని సెల్‌ఫోను, కంప్యూటరు, టెలివిజను, ఛార్జరు, ప్రింటరు, ట్యూబులైటు, శీతలయంత్రము – తీగెచేతగాని, బ్యాటరీచేతగాని నడచి, పనికిమాలిన ప్రతివస్తువును ఇందు జేరును. ఐక్యరాజ్యసమితికి జెందిన సంస్థలు 2024లో ప్రకటించిన లెక్కప్రకారము, 2022 సంవత్సరమున లోకమంతటను 6 కోట్ల 20 లక్షల టన్నుల యిట్టి చెత్త పుట్టినది. అందు క్రమపద్ధతిని సేకరింపబడి, శుద్ధిచేయబడినట్లు లెక్కకెక్కినది నూటికి 22.3 పాళ్ళు మాత్రమే. ఇది 2030 నాటికి 8 కోట్ల 20 లక్షల టన్నులగునని ఆ లెక్క చేసినవారి అంచనా.

లెక్కకెక్కని భాగ మెచట నున్నది? కొంత మన బీరువాల సొరుగులలో నున్నది. నా యింటి సొరుగులు వెదకగా నాలుగు చెడిపోయిన ఫోనులు, రెండు రేడియోలు, ఎన్నియో ఛార్జరులు బయటపడినవి. కొంత పురపాలకసంఘపు చెత్తగుట్టలమీద నున్నది. కొంత ఢిల్లీనగరపు సీలంపూరు వంటి చోటులయందు, చైనాదేశపు గుయియూ పట్టణమున, ఆఫ్రికాలో ఘనాదేశపు రాజధానియైన అక్రా నగరమందలి అగ్బోగ్‌బ్లోషీ యనుచోటున, పేదల చేతులమీదుగా బ్రద్దలై, కాలి, ద్రావకములలో నుడికిన చరిత్ర గలదు. అక్రాలోని ఆ బజారును 2021లో ప్రభుత్వము తొలగించినది. పని మాత్రము చుట్టుప్రక్కల ప్రదేశములకు వ్యాపించినది. బజారును దొలగించినంతమాత్రమున దానిపై నాధారపడిన ఆకలి తొలగదు గదా!

ఈ చెత్తలో నేమున్నది? మన పెద్దలు సంతోషించునదియు, భయపడదగినదియు రెండును గలవు. రాగి, వెండి, బంగారము, పల్లాడియము, తగరము, అల్యూమినియము ఇందున్నవి. కంప్యూటరు పలక బరువులో సుమారైదవవంతు రాగి. మేలైన పలకలు టన్ను చేర్చినచో అందు నూరుగ్రాములకు మించి బంగారముండుట గలదు. మన సరిహద్దుననే యుండి, మూడు కిలోమీటర్లకు మించిన లోతు దాక త్రవ్వబడి, 2001 ఫిబ్రవరి 28న మూతబడిన కోలారు గనులలో, తుదిదినములయందు టన్ను రాతికి లభించినది కొలదిగ్రాములే. కావున నగరముల చెత్తగుట్టలు నేటి గనులని చెప్పుట అతిశయోక్తి కాదు.

కాని యా పలకల టంకములోనే సీసము గలదు. పాత టెలివిజను గాజులో సీసము విస్తారము. ట్యూబులైటులో పాదరసము, కొన్ని బ్యాటరీలలో కాడ్మియము గలవు. తీగెల తొడుగులను గాల్చినచో డయాక్సినులను విషములు పుట్టును. సీసము పెద్దలకన్న పిల్లలకు ఎక్కువ కీడు. అది వారి బుద్ధివికాసమునే కుంటుపరచును. పిల్లలును, ఈ చెత్తయును గూర్చి ప్రపంచారోగ్యసంస్థ 2021లో ప్రత్యేకముగ నొక నివేదిక వెలువరించి, గర్భిణులకును శిశువులకును గలుగు హానిని హెచ్చరించినది. మన యిండ్లలో కార్ఖానా వేరు, వంటయిల్లు వేరు, పిల్లలు పండుకొను గది వేరు అను విభాగ మెందరికి గలదు?

మన పూర్వుల వృత్తిధర్మము

పంచవృత్తులవారమైన మనకు లోహశేష మన్నది క్రొత్త కాదు. ఇనుము కరగించినప్పుడు మిగిలిన చిట్టెమును సైతము పారవేయక, దానికి మండూరమని పేరిడి, శోధించి, భస్మముచేసి పాండురోగమునకు మందుగా వాడిరి ఆయుర్వేదజ్ఞులు. స్వర్ణకారుడు తాను గూర్చున్న చాపను దులుపును. చేతులు కడిగిన నీటిని వేరుగ నుంచును. ఏటికొకసారి అంగడి దుమ్మును జలగడుగువారికి వేలము వేయును. వారా దుమ్మును కడిగి కడిగి, కంటి కగపడని కణములను వేరుచేయుదురు. ఇప్పుడు లోకము రీసైక్లింగు అని క్రొత్తపేరు పెట్టిన దానిని మన వీధులు తరతరములుగా నాచరించినవి. పెంబర్తి యిత్తడిపనివారును, బూడితి కంచుపనివారును పగిలిన పాత్రను విలువలేని దనరు. దానిని క్రొత్తపాత్రకు మూలధనమందురు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున గనులకొక అధ్యక్షుని, సువర్ణమునకొక అధ్యక్షుని వేరువేరుగ నియమించి, వారి విధులకు ప్రత్యేకాధ్యాయములు కేటాయించుట, లోహము రాజ్యధనమనియు, దానిని వ్యర్థపరచుట అపరాధమనియు ఆనాటివా రెరుగుదురనుటకు సాక్ష్యము.

ఈ దృష్టితో చూచినచో, పెరటిలో ద్రావకముతో బంగారము దీయు పద్ధతి ప్రాణహానికర మగుటయే కాక, వృత్తిధర్మమునకును విరుద్ధము. ఏలయన, ఈ శతాబ్దపు మొదటిదశకమున బెంగుళూరు నగరమునందు జరిగిన పరిశీలనలో, ఈ నాటుపద్ధతివలన పలకలలోని బంగారములో నాలుగవవంతు మాత్రమే చేతికి వచ్చుచున్నదని తేలినది. ఆధునికమైన పెద్దకొలుముల యందు నూటికి తొంబదియైదు పాళ్ళు వచ్చును. బెల్జియము దేశమున హోబోకెన్ అనుచోట నున్న అట్టి కార్ఖానాలో, పొగను వడగట్టి, ఒకే ముడిసరుకునుండి పదునేడు లోహములను వేరుచేయుదురు. మన పిల్లవాడో, తన ప్రాణమును బెట్టి నాలుగుగింజల బంగారములో మూడింటిని మురుగుకాలువలో బారబోసెను. రాగిని, పల్లాడియమును పూర్తిగ బోగొట్టెను. ఆ ద్రావకపునీటితో పొరుగువారి బావిని చెరచెను. తండ్రి చాపదులిపి కణమును గాపాడెను. కొడుకు పిడికిళ్ళకొలది పారబోసెను. ఇది వాని తప్పు కాదు. చెప్పువారము లేకపోతిమి.

ఇంకొక హెచ్చరిక. సయనైడుతో పూతపనులు చేయువారు మనలో గలరు. సయనైడున్న పాత్రలో నామ్లము పడినచో వెలువడు వాయువు ప్రాణము దీయును. ద్రవరాజమన నత్రికామ్లమునకు మూడింతలు ఉదజహరికామ్లము కలిపినది; దానిని మూతగదిలో కాచుట మృత్యువును బిలుచుట. ఈ రెండు మాటలను మన ప్రతి స్వర్ణకారుని అంగడిగోడపై వ్రాయింపవలసినదని నా కోరిక.

చట్టమేమి చెప్పుచున్నది?

మనదేశమున ఈ విషయమై నియమములు మొట్టమొదట 2011లో ఏర్పడి, 2012 మే 1 నుండి అమలునకు వచ్చినవి. పిదప 2016లో మార్పునొంది, తిరిగి 2022లో క్రొత్తవి ప్రకటింపబడి, 2023 ఏప్రిల్ 1 నుండి నడచుచున్నవి. వీని ముఖ్యసూత్ర మొక్కటి: వస్తువును జేసి యమ్మినవాడే దాని యంత్యక్రియకును బాధ్యుడు. ప్రతి యుత్పత్తిదారుడును తానమ్మిన సరుకునకు దగిన పాలు చెత్తను రిజిస్టరు పొందిన శుద్ధికర్తలచే శుద్ధి చేయించినట్లు ధ్రువపత్రములు చూపవలెను. ఆ పాలు మొదటి రెండేండ్లకు నూటికి 60, తరువాతి రెండేండ్లకు 70, 2027–28 మొదలుకొని 80. బంగారము, రాగి, అల్యూమినియము, ఇనుము – ఈ నాలుగింటిని తిరిగి రాబట్టిన లెక్కపై ఆ ధ్రువపత్రములు పుట్టును. కావున రిజిస్టరు పొందిన శుద్ధికర్తకు మన చెత్త కావలెను. అది మన యదృష్టము.

పరికరములను విడదీయుట, కరగించుట, ద్రావకము పోయుట రిజిస్టరు లేనివారు చేయరాదు. ఈ విషయమున మన సంఘము రేఖ దాటరాదని నా మొదటి ప్రార్థన. మనము సేకరింతము, భద్రపరతము, అప్పగింతము. అంతటితో మన హద్దు.

కార్యక్రమము

ఆచరణకు దిగిన గాని మాట నిలువదు. కావున నేను కొన్నివారములు కాలుష్యనియంత్రణమండలి కార్యాలయమునకును, పాతసామానుల యంగళ్ళకును దిరిగి, మన పట్టణమునకు దగినట్లు కూర్చుకొన్న యేర్పాటును మనవిచేయుచున్నాను.

ఒకటి. మన సత్రములో వెనుకవైపు తాళము వేసియున్న గది యొకటి గలదు. నేల సిమెంటుది, వాన కురియదు, గాలి యాడును. దానిని ఇందుకు కేటాయింపవలెను. అందు రెండు ఇనుపపెట్టెలు, మూతగల ఇసుకతొట్టి యొకటి, ట్యూబులైటులకు పొడవైన అట్టపెట్టెలు చాలును. ఫోనులు, కంప్యూటరులు ఒక పెట్టెలో, తీగెలు, ఛార్జరులు మరియొకదానిలో నుంచవలెను. బ్యాటరీల కొనలకు అంటుబట్ట చుట్టి, పొడియిసుకలో నుంచవలెను. ఉబ్బిన బ్యాటరీని పొడువరాదు, నొక్కరాదు, ఎండలో బెట్టరాదు. అది తనంత తానే మండగలదు. ట్యూబులైటులు పగులకుండ జూడవలెను. టెలివిజను గాజుబుడ్డిని, శీతలయంత్రపు గొట్టములను ఎవరును ముట్టరాదు. అట్టి పెద్దవస్తువులను ఇంటినుండియే నేరుగ బండికెక్కింపవలెను.

రెండు. చిట్టా యుండవలెను. తేది, ఇచ్చినవారి పేరు, వస్తువు, తూకము వ్రాసి, రసీదు నొసగవలెను. సంఘములలో మంచిపనులు చెడుట పలుమారు చిట్టా లేకపోవుటచేతనే. నియమములు 180 దినములకు మించి నిలువ వలదనుచున్నవి. మనము మూడుమాసముల కొకసారియే పంపివేయుదము. గది ఖాళీగా నున్నంతకాలము నిప్పుభయము తక్కువ.

మూడు. ఎవరి కప్పగింపవలెను? కేంద్రకాలుష్యనియంత్రణమండలి పట్టికలో పేరుండి, రాష్ట్రమండలి సమ్మతి గల శుద్ధికర్తకే. తక్కువ తూకము, ఎక్కువ ధర జెప్పువాని మాట వినరాదు. ఎక్కువ ధర యిచ్చువాడు పలుమారు దానిని నాటు ద్రావకపువారికే మారుబేర మాడును. అప్పుడు మన చెత్త మరల మన పిల్లల యూపిరితిత్తులకే చేరును. బండి తూకపుచీటిని, శుద్ధికర్త యిచ్చు పత్రమును ఏటేట ఈ సంచికలో ప్రకటింపవలెను. పనియారంభమునకు ముందే మండలి కార్యాలయమునకు మన యుద్దేశమును వ్రాతమూలకముగ దెలుపుట మంచిది.

నాలుగు. ఇచ్చునప్పుడు ఫోనులో, కంప్యూటరులో నున్న బ్యాంకు వివరములు, ఫొటోలు, జాబులు చెరిపివేయవలెను. దీనివలని భయముచేతనే యనేకులు వానిని సొరుగులలో దాచుచున్నారు. కంప్యూటరు చదివిన మన యువకు లిద్దరు ఆదివారము లందు గూర్చుండి, యజమానుని యెదుటనే యా పని చేసిపెట్టవలెను. పనిచేయుచున్న వస్తువు చెత్త కాదు; దానిని మన వసతిగృహములోని విద్యార్థికి యథాతథముగ నీయవచ్చును.

ఐదు. ఈ పని యేటికి రెండుమారులు పండుగవలె జరుగవలెను. ఉగాదికి ముందు ఇల్లు దులుపుదుము. సెప్టెంబరు 17న విశ్వకర్మపూజయందు పనిముట్లు పూజింతుము. పనిచేసిన పరికరమును పూజించువారు, పనిచేసి యలసిపోయిన పరికరమును మురుగులో బారవేయుట ధర్మమా? ఆ రెండుదినములలో ప్రతి యింటినుండియు తేవలసినదని స్త్రీల సంఘమువా రింటింట చెప్పిన, సగము పని యైనట్లే. వీధివీధి తిరిగి పాతసామానులు కొను పేదవానిని మనము త్రోసివేయరాదు. వాడు తెచ్చినదానికి గూడ తగిన ధర యిచ్చి కొని, వానిచేతనే మిగిలిన వీధులనుండి తెప్పింపవలెను. వాని పొట్టగొట్టి మన గది నింపుకొనుట పరోపకారము కాదు.

ఆరు. ఇది యన్నిటికన్న ముఖ్యము. ద్రావకపుపని మానిన స్వర్ణకారునికి వేరుదారి చూపవలెను. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన కేంద్రప్రభుత్వపు విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులు చేర్చబడినవి. అందు స్వర్ణకారులును గలరు. రెండువిడతలుగా మూడులక్షల రూపాయల వరకు, నూటికి ఐదు వడ్డీపై, తనఖాలేని అప్పునకు అందు వీలు గలదు. అర్జీ వ్రాయలేక వెనుకాడువారు మనలో నెందరో యున్నారు. నావంటి విశ్రాంత ఉపాధ్యాయులు వారమునకు రెండుగంటలు సత్రములో గూర్చుండి ఆ యర్జీలు వ్రాసిపెట్టవచ్చును. చదువుకొన్న పిల్లలకు ఈ శుద్ధివిద్యయే వృత్తి కాగలదు. హైదరాబాదు చర్లపల్లిలో సీమెట్ అను కేంద్రప్రభుత్వ పరిశోధనశాల ఈ చెత్తనుండి లోహములు రాబట్టు విధానములపై కృషి చేయుచున్నది. లోహశాస్త్రము చదివి అట్టిచోట బ్రవేశించిన మనవాడు తాతగారి కుంపటిని విడిచినవాడు కాడు. దానిని పెద్దదిగా జేసినవాడు.

సందేహములు – సమాధానములు

ఈ యాలోచనను కొందరు పెద్దలయొద్ద విన్నవించినప్పుడు మూడు సందేహములు వచ్చినవి. దాచక చెప్పెదను.

మొదటిది: "మయబ్రహ్మ, విశ్వకర్మల సంతతివారము, చెత్త పోగుచేయుదుమా?" అని. ఇందులకు నా సమాధానము చిన్నది. మన తండ్రులు అంగడిదుమ్మును మూటగట్టి దాచిరి. వారికి లేని నామోషీ మనకెక్కడిది? రాతిలో దేవుని, మట్టిలో మూసను జూచిన కన్నులకు పగిలిన ఫోనులో రాగి కనబడకుండునా?

రెండవది: "బంగార మున్నప్పుడు సంఘమే ఏల తీయరాదు? మనకన్న నెరిగినవారెవరు?" అని. ఇది ఆశగల ప్రశ్న. అందుచేత ప్రమాదమును గలది. ఒక్కొక్క ఫోనులో నుండునది గ్రాములో కొన్ని శతాంశముల బంగారము. జపానుదేశస్థులు 2017 ఏప్రిల్ మొదలు 2019 మార్చి వరకు ప్రజలనుండి 78,985 టన్నుల చిన్నపరికరములను, వానితో సుమారు 62 లక్షల ఫోనులను సేకరించి, 32 కిలోల బంగారము, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు రాబట్టి, టోక్యో క్రీడలకు సుమారు 5,000 పతకములు చేయించిరి. 2021లో జరిగిన ఆ క్రీడలయందు మన తెలుగుబిడ్డ పి. వి. సింధు మెడలో బడిన కంచుపతకమును అట్టి చెత్తనుండి పుట్టినదే. వినుటకు ముచ్చటయైన కథ. కాని యొక దేశమంతయు రెండేండ్లు గూడబెట్టినగాని యంత లోహము రాలేదని గ్రహింపవలెను. మన సత్రపుగదిలో ఏడాదికి జేరునది ఒకటిరెండు టన్నులైన గొప్ప. దానికై కొలుము పెట్టుట గింజకై గాదె గట్టుట. తూకముపై వచ్చు కొలదిధనమును వసతిగృహపు పుస్తకనిధికిని, స్వర్ణకారుల వైద్యపరీక్షలకును వినియోగింతము. అది ఏటేట గొప్పమొత్తము గాదని ముందే చెప్పుచున్నాను. ధనలాభమునకై యీ పని మొదలిడినచో రెండవయేటనే విసిగి మానుదుము.

మూడవది: "ఇది ప్రభుత్వపు పని గాదా?" అని. అవును. ఉత్పత్తిదారులదియు, ప్రభుత్వముదియు మొదటి బాధ్యత. ఐనను నా శిష్యుని గదిలో పొగ లేచిన రాత్రి ఆ వీధిలో నున్నది మనము. ఆ దగ్గు విన్నవాడను నేను. దగ్గరివాడు మాటాడనప్పుడు దూరపువానిని నిందించుట న్యాయము గాదు.

విజ్ఞప్తి

మహాజనులారా! నేను కోరునవి మూడు తీర్మానములు. సత్రపు వెనుకగదిని ఈ కార్యమునకు మూడేండ్లపాటు కేటాయించుట. ఏడుగురు సభ్యులతో, అందు ఇద్దరు స్త్రీలుండునట్లు, ఉపసంఘము నేర్పరచుట. మన పట్టణమందలి స్వర్ణకారు లందరికి ఏటికొకసారి ఊపిరితిత్తుల పరీక్షయు, రక్తమున సీసపు పరీక్షయు జరిపించుట. పోషకులు దయచేసి మొదటియేటి పెట్టెలకు, బండికూలికి కావలసిన ధనమును సమకూర్పవలెను. అది పెద్దమొత్తము గాదు. ఈ మహాసభ తోరణములకైన వ్యయములో నొక భాగము.

ఇచటికి వచ్చునప్పుడు ఆ శిష్యుని యింటికి బోయి, ఈ ప్రసంగమును చదివి వినిపించి, వాని యనుమతి గొంటిని. వాడు కొంతసేపూరకుండి, "పేరు వద్దు గాని, మిగతా అంతా చెప్పండి మాస్టారూ" అనెను. గది యేర్పడినచో చిట్టా తాను వ్రాయుదునని గూడ జెప్పెను. మెట్లెక్కలేని వానికి కూర్చుండి చేయదగిన పని యది. వానికంటె నా చిట్టాను మెలకువతో వ్రాయగలవారు మనలో లేరు. ఉపసంఘమువారు ఆలోచింతురుగాక.

వాడు గురుదక్షిణగా నిచ్చిన బంగారుపూస ఇదిగో. ఇన్నాళ్ళు పూజాపెట్టెలో నుంచితిని. చూచినప్పుడెల్ల దాని వెల యెంతో నాకు దెలియుచునే యున్నది. దీనిని నాయొద్ద నుంచుకొనుటకు నాకు మనసొప్పదు. అధ్యక్షులవారి చేతికిచ్చుచున్నాను. దీనిని తూచి, నేటిధర కట్టి, వైద్యపరీక్షల నిధికి మొదటిపద్దుగా వ్రాయ బ్రార్థించుచున్నాను.

సభ్యుల కందరకు ఆయురారోగ్యములును, మన కుంపట్లకు చల్లారని నిప్పును, మన పిల్లలకు చెడని యూపిరియు గలుగుగాక!

స్వస్తి.